ఫిల్ము అంచున అంకెలు

గిద్దలూరు,
6 జూలై 2024

చిరంజీవి శిల్పకు అవ్వ రాసేది,

మీ తాత ఎడమచేతి వాటం కాదు. "తాత ఎడమచేత్తో రాసేవాడని నాకెప్పుడూ చెప్పలేదేంది అవ్వా" అని పోయిన జాబులో ఆశ్చర్యపోయావు. నేను ఆ మనిషితో నలభై ఆరేళ్లు కాపురం చేశాను. ఎడమచేత్తో ఆయన చేసిన పని ఒక్కటే, నేను మాట్లాడుతుంటే చెవి గోక్కోవడం. నువ్వు పంపిన బొమ్మలో ఆయన గడియారం కుడిచేతికి ఉంది, చొక్కా జేబు కుడివైపుకు పోయింది, పక్కన నిలబడిన నా పైట కూడా కుడిభుజం మీదికి వచ్చింది. ఇద్దరికీ ఒకేరోజు మతి తప్పిందా, లేక నువ్వు ఫిల్మును తిరగేసి పెట్టావా అని ఆలోచించి, రెండోదే అని తేల్చాను. ఫిల్ముకు ఒకవైపు నున్నగా మెరుస్తుంది, ఇంకోవైపు మసగ్గా ఉంటుంది. మెరిసేవైపు కెమెరాకు కనబడాలి. ఫోటో స్టూడియో వాడి మనవరాలివి, ఇది నేను చెప్పాల్సి రావడం ఏం బాగుంది.

రెండో డబ్బా, మూడో డబ్బా మీ అమ్మ గుంటూరు బస్సు పార్సిల్లో వేసింది. రసీదు ఈ జాబులో పెట్టాను. తొమ్మిది బిస్కెట్ డబ్బాల్లో ఉన్నది మీ తాత ముప్పై ఏళ్ల కష్టం. స్టూడియోకు నా పేరు పెట్టారు గాని లోపల ఏం జరిగేదో నాకు ఎప్పుడూ పూర్తిగా తెలియదు. అందుకే నువ్వు ఆ ఫిల్ములన్నీ కెమెరాతో మళ్లీ ఫోటో తీసి కంప్యూటర్లో దాస్తానంటే ఒప్పుకున్నాను.

ఏడో డబ్బా మాత్రం రాదు. మూత మీద "బూజు పట్టింది, తెరవవద్దు" అని మీ తాత తన చేత్తో రాసి (కుడిచేత్తో), పైన గుడ్డ కట్టి పెట్టారు. ఒక డబ్బా బూజు మిగతావాటికి అంటుతుందట.

ఇక అసలు సంగతి. నువ్వు అడిగీ అడగకముందే కెమెరా, లెన్సు, స్టాండు మూడూ తెచ్చి నీ ఇంట్లో పెట్టి, ఆదివారం ఆదివారం నీ పక్కన కూర్చుంటున్న ఆ పద్మజ ఎవరు? పెళ్లిళ్లకు ఫోటోలు తీసి బతికే మనిషి, ముహూర్తాలు వదులుకుని నా నెగటివ్‌ల మీద దుమ్ము ఊదుతుందా? ముప్పై నాలుగేళ్లు బడిలో పనిచేశాను. కారణం లేకుండా మంచిగా ఉండే పిల్ల కనబడితే ముందు ఆ పిల్ల సంచి వెతికేదాన్ని. చాలాసార్లు ఏదో ఒకటి దొరికేది.

ఊరు, ఇంటిపేరు, తండ్రిపేరు రాయి. ఫోను చేయకు. నా చెవికి ఫోను పడదు, పైగా ఫోనులో అబద్ధానికి చేతిరాత ఉండదు.

నీ మేలు కోరే (నిన్ను కనిపెట్టి ఉండే)
అవ్వ రాజ్యలక్ష్మి


గుంటూరు,
15 జూలై 2024

ప్రియమైన అవ్వకు,

తిరగేసిన మాట నిజమే. పద్మజక్క కూడా అదే అన్నది, కానీ నీ పైట చూసి కాదు, ఒక దుకాణం బోర్డు మీద అక్షరాలు చూసి. మీ ఇద్దరికీ జత బాగా కుదిరేటట్టుంది.

నువ్వు అడిగినావు కాబట్టి మేము చేసే పని చెప్తా. బల్ల మీద వెలిగే పలక ఒకటి పెడతాం. మార్కాపురం పలక కాదు, తెల్లటి గాజు లాంటిది, కింద నుంచి సమంగా వెలుగు వస్తుంది. దాని మీద ఫిల్ము ముక్క పరిచి, చుట్టూ నల్లకాగితం కప్పుతాం, పక్కవెలుగు పడకుండా. పైన స్టాండుకు కెమెరా తలకిందులుగా వేలాడుతుంటుంది. గాలిబుడ్డితో దుమ్ము ఊది, ఊపిరి బిగబట్టి, చేయి తగలకుండా బొత్తాం దానంతట అదే పడేటట్టు పెట్టి తీస్తాం. తర్వాత కంప్యూటర్లో నలుపును తెలుపు చేస్తే మనుషులు లేచి వస్తారు. నిన్న ఒక్కరోజే నూట పన్నెండు మంది లేచినారు. అందులో నువ్వు ఒక్కదానివే నవ్వలేదు.

రెండు డబ్బాల్లోనూ సినిమాహాలు స్లైడ్లు కూడా ఉన్నాయి. రెండు గాజుముక్కల మధ్య ఫిల్ము పెట్టి అంచులకు నల్లకాగితం అంటించినవి. "పొగ త్రాగరాదు", "మా వద్ద విత్తనాలు లభించును". ఇంటర్వెల్లో తెర మీద పడేవట కదా. తాత రాత ఎంత గుండ్రంగా ఉందో.

పద్మజక్కది అర్ధవీడు వైపు. గిద్దలూరు స్టూడియో నెగటివ్‌లు ఇంట్లోనే ఎట్లా కాపీ చేయాలి అని నేను నెట్‌లో అడిగితే, ఆమె చూసి మాట్లాడింది. మంచి మనిషి. సంచి వెతకనవసరం లేదు.

ఏడో డబ్బా కూడా పంపు అవ్వా. బూజు ఉంటే మెత్తని బ్రష్షుతో తీస్తాం, మిగతావాటి దగ్గర పెట్టం. 1984 ఫిబ్రవరిలో మీ బడి వార్షికోత్సవం ఫిల్ము అందులోనే ఉందా, ఇంకెక్కడైనా ఉందా, చూసి చెప్పు.

నీ
శిల్ప


గిద్దలూరు,
22 జూలై 2024

శిల్పకు,

1984 ఫిబ్రవరి అని నీకు ఎవరు చెప్పారు?

నేను చెప్పలేదు. మీ నాయనకు అప్పుడు పదేళ్లు, వాడికి తన పుట్టినరోజే గుర్తుండదు. మీ అమ్మ అప్పటికి ఈ ఇంటికి రాలేదు. ఈ ఇంట్లో ఆ సంవత్సరం పేరు ఎత్తి నలభై ఏళ్లయింది. నీ జాబు మూడుసార్లు చదివాను. ఊరు అడిగితే "అర్ధవీడు వైపు" అన్నావు. వైపు అనేది ఊరు కాదు. ఇంటిపేరు రాయలేదు, తండ్రిపేరు రాయలేదు. మూడు ప్రశ్నలకు ఒక అర జవాబు. మా బడిలో అయితే సున్నా వేసేదాన్ని.

నువ్వు ఎవరి నోటి నుంచో వినేకంటే నా చేతి నుంచి చదవడం మేలు.

అప్పుడు నేను పల్లెబడికి హెడ్‌మిస్ట్రెస్‌ని. ఆ ఏడు మా పిల్లలు ఆటల్లో గెలిచి వెండికప్పు తెచ్చారు. వార్షికోత్సవం నాడు వేదిక మీద బల్లపై పెట్టాం. మీ తాత ఆ పొద్దంతా ఫోటోలు తీశారు. అంతా అయ్యాక బీరువాలో పెట్టి తాళం వేద్దామని చూస్తే కప్పు లేదు.

బడిలో అటెండరు ఏడుకొండలు. పాతికేళ్లవాడు, పర్మినెంటు కాలేదు. అతను భుజాన పెద్ద మూటతో పోవడం నేను నా కళ్లతో చూశాను. ఆ సాయంత్రమే పిలిచి అడిగితే, "నేను ముట్టుకోలా పంతులమ్మా. ఆ మూట రంగమ్మత్త ఇంటినుంచి తెచ్చిన దుప్పట్లు. పరదా కట్టేదానికి మోసుకొచ్చినా" అన్నాడు.

"మోసుకొచ్చినావో, మోసుకుపోయినావో."

"అంజయ్య సారు పొద్దంతా ఫోటోలు తీసినాడు కదమ్మా. ఆయన్ను అడగండి."

మీ తాతను అడగవలసిన పని లేదన్నాను. నాలుగు రోజులకు ఫోటోలు వచ్చినాయి. ఆల్బమ్ నా దగ్గర ఇప్పటికీ ఉంది. మొదటి పేజీలో ముఖ్య అతిథి, బల్ల మీద కప్పు. రెండో పేజీలో ఉపాధ్యాయులు. మూడో పేజీలో ఏడుకొండలు, భుజాన మూట. నాలుగో పేజీలో పిల్లల నాటకం, పక్కన బల్ల, బల్ల మీద కప్పు లేదు. కప్పు, మూట, ఖాళీ బల్ల. దీనికి వ్యాఖ్యానం కావాలా? ఆ ఆల్బమే విచారణకు వచ్చిన అధికారికి చూపించాను. అతన్ని పనిలోంచి తీసేశారు.

నేను ఎవరి అన్నమూ ఊరికే తీయలేదు. కళ్లతో చూసి, కాగితం మీద రాసి, ఫోటో పెట్టి చెప్పాను. ఇప్పుడు ఆ ఫిల్ము ఎవరికి కావాలి, ఎందుకు కావాలి, సూటిగా రాయి. మీ పద్మజ ఎవరి బిడ్డ?

నాలుగో డబ్బా కట్టి పెట్టాను. నీ జవాబు వచ్చేదాకా అది బస్సెక్కదు.

రాజ్యలక్ష్మి
(అవ్వ అని రాయడం ఈసారికి ఆపాను)


గుంటూరు,
29 జూలై 2024

ప్రియమైన అవ్వకు,

నువ్వు ఆపినా నేను ఆపను.

పద్మజక్క ఏడుకొండలు గారి కూతురు. నాకు మొదట తెలియదు. రెండో ఆదివారం ఆమే చెప్పింది. "మీ నెగటివ్‌ల కోసమే వచ్చినా శిల్పా. కెమెరా ఒట్టి వంక. ఇష్టం లేకపోతే ఇప్పుడే సర్దుకుని పోతా" అన్నది. నేను పొమ్మనలేదు. నీకు వెంటనే రాయకపోవడం నా తప్పు. నువ్వు డబ్బాలు ఆపేస్తావని భయపడినా. ఆపినావు కదా.

ఆయన ఉన్నాడు అవ్వా. అరవై అయిదేళ్లు. అర్ధవీడులో ఉంటాడు. బడి నుంచి తీసేసినాక ఊళ్లో ఉండలేక కూలిపనికి ఊళ్లు తిరిగి, పెళ్లయినాక వచ్చి గొర్రెలు పెట్టుకున్నాడట. పద్మజక్క ఒక సంగతి చెప్పింది. ఆమె చదువుకునేటప్పుడు బడిలో తల్లిదండ్రులను పిలిస్తే వాళ్ల నాయన వచ్చేవాడట, కానీ గేటు దాటి లోపలికి వచ్చేవాడు కాదట. బయట వేపచెట్టు కింద నిలబడి, "లోపల ఏదన్నా పోతే మళ్లా నా పేరే చెప్తారు పాపా, నువ్వే పోయి విని రా" అనేవాడట. టెన్త్‌లో ఆమెకు ప్రైజు వచ్చినప్పుడు కూడా గేటు బయటే.

ఆమె నీ మీద కేసు పెట్టడానికి రాలేదు. ఆ రోజు ఫోటోలన్నీ ఒకసారి చూడాలి, అంతే. వాళ్ల నాయన ఇప్పటికీ ఒకటే మాట అంటాడట: "ఆ రీలు చూస్తే తెలుస్తాది."

ఇంకొకటి. వాళ్ల అమ్మానాన్నల పెళ్లిఫోటో వెనక మన స్టూడియో ముద్ర ఉంది. తాత గిద్దలూరు నుంచి అర్ధవీడు పోయి తీసినాడు. పిలవకుండానే వచ్చినాడట. ఏమీ తీసుకోలేదట, భోజనం కూడా చేయలేదట. నీకు తెలుసా?

నువ్వు చెప్పిందే నిజమైతే ఫిల్ములో కూడా అదే ఉంటుంది. పంపడానికి ఏంది అడ్డం?

నీ
శిల్ప


గిద్దలూరు,
5 ఆగస్టు 2024

శిల్పకు,

నా అనుమానం నిజమైంది. సంతోషించాలి గదా. అరగంట సేపు ప్రయత్నించాను, రాలేదు. మీ అమ్మ చేసిన ఉప్మా బాగలేదని చెప్పి ఆ కోపం అక్కడ తీర్చుకున్నాను.

అర్ధవీడు సంగతి నాకు తెలుసు. తెలుసంటే, వెళ్లారని తెలుసు. "అంత దూరం నీకేం పని, అక్కడ ఎవరున్నారు" అని అప్పుడు రెండు రోజులు సాధించాను. వెలుతురు బాగుంటుందని వెళ్లానన్నారు. అర్ధవీడు వెలుతురుకు గిద్దలూరు వెలుతురుకు తేడా ఏమిటో నేను సైన్సు చెప్పినదాన్నే గాని నాకు తెలియదు. ఆడమనిషి ఎవరైనా ఉందేమో అనుకున్నాను. ఆ అనుమానం ఆరు నెలలు ఉండి, కందిచేను కోతల నాటికి పోయింది.

నువ్వు "ఏంది అడ్డం" అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. అడ్డం ఏమీ లేదు. నిన్న ఏడో డబ్బా తెరిచాను.

బూజు లేదు.

ఒక్క చుక్క కూడా లేదు. మీ అమ్మ చేత భూతద్దం పెట్టించి చూపించాను. వెన్నకాగితంలో చుట్టిన ఆరు ఫిల్ము ముక్కలు, దూదిలో పెట్టిన ఒక గాజు స్లైడు, అంతే. మిగతా డబ్బాల్లో మూతపట్టనన్ని ఉంటే, ఇందులో ఇంతే. ఫిల్మును కిటికీకి పట్టి చూశాను. నల్ల మొహాలు, తెల్ల జుట్లు, అందరూ ఒకలాగే కనబడ్డారు. స్లైడు మీద అక్షరాలున్నాయి, శుక్లాల వల్ల చదవలేకపోయాను. మీ అమ్మ చదువుతానంటే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకే తెలియదు.

మీ తాత అబద్ధం రాశారు. పోయిన పన్నెండేళ్లకు మొగుణ్ని అనుమానించవలసి వచ్చింది. ఉన్నప్పుడే ఇంకొంచెం శ్రద్ధగా అనుమానించి ఉండాల్సింది.

అన్నీ పంపుతున్నాను. ఆల్బమ్ నా దగ్గరే ఉంచుకుని, అందులో నాలుగు పేజీలకు జిరాక్సు తీయించి పెట్టాను. షరతులు చదువు. డబ్బాకు దారంతో ఏడు ముడులు వేశాను, ఎనిమిదో ముడి కనబడితే ఎవరో విప్పి కట్టారని అర్థం. నువ్వు పక్కన లేకుండా ఆ అమ్మాయి ఫిల్ము ముట్టకూడదు. అంచులు కత్తిరించకుండా మొత్తం తీయాలి. కంప్యూటర్లో ఏదీ సరిచేయకూడదు, మచ్చ ఉంటే మచ్చతోనే. నేను చెప్పిందే తేలితే ఆ అమ్మాయి ఒక్క మాట అనకుండా సర్దుకుని పోవాలి. తేలకపోతే ఏం చేయాలో నేను ఆలోచించలేదు. అవసరం వస్తుందని అనుకోను.

అవ్వ


గుంటూరు,
12 ఆగస్టు 2024

ప్రియమైన అవ్వకు,

ముడులు ఏడే ఉన్నాయి. లెక్కపెట్టి ఫోటో కూడా తీసినా.

ఈ జాబుతో పాటు ముప్పై ఆరు బొమ్మలూ అంచులతో సహా అచ్చు వేయించి పంపుతున్నా. నీ కళ్లకు కనబడేటట్టు పెద్దవిగా వేయించినా. ముందు అంచులు చూడు. ప్రతి బొమ్మ కింద ఒక అంకె ఉంది, 1 నుంచి 36 దాకా. అవి తాత వేసినవి కాదు, మేము వేసినవి కాదు. ఫిల్ము తయారైనప్పుడే కంపెనీలో వేస్తారు. కెమెరాలో ఫిల్ము ఎట్లా నడిస్తే ఆ వరుస. దాన్ని ఎవరూ మార్చలేరు.

ఏడుకొండలు గారు మూటతో ఉన్నది 4.

నీ ఆల్బమ్‌లో ఆ ఫోటో నడుము దాకానే ఉంది. అచ్చులో కత్తిరించినారు. ఫిల్ములో మొత్తం ఉంది. ఆయన వెనక వేదిక, ఒట్టి గుంజలు. పరదా లేదు, కుర్చీలు లేవు, బల్ల కూడా లేదు. ఆయన వేదిక వైపే నడుస్తున్నాడు. మూట కొసన గళ్ల దుప్పటి అంచు బయటకు వేలాడుతోంది. 9లో అదే గళ్ల దుప్పటి గుంజలకు కట్టి ఉంది, దాని ముందు ముఖ్య అతిథి.

కప్పు బల్ల మీద ఉన్నది 19. అంటే మూట తర్వాత పదిహేను బొమ్మలకు కూడా కప్పు అక్కడే ఉంది. నాటకం, ఖాళీ బల్ల 28.

ఆల్బమ్‌లో కప్పు, మూట, ఖాళీ బల్ల. ఫిల్ములో మూట, కప్పు, ఖాళీ బల్ల.

ఆల్బమ్ ఎవరు అంటించినారు అవ్వా?

36 నువ్వే చూడు. నేను రాయలేకపోతున్నా. అది బడి కాదు. వెనక మెట్లు, చందమామ, రెండు హంసలు గీసిన పరదా ఉంది. ఆ పరదా ముందు నేను కూడా మూడేళ్లప్పుడు ఏడుస్తూ ఫోటో దిగినా.

స్లైడు మీద కూడా అదే బొమ్మ. కింద తాత గుండ్రటి రాత: "మా బడి విజేతలకు, వారి హెడ్‌మిస్ట్రెస్ శ్రీమతి రాజ్యలక్ష్మి గారికి అభినందనలు." హాలుకు పోయినట్టు లేదు. మిగతా స్లైడ్ల అంచులు వేడికి గోధుమరంగు తిరిగినాయి, ఇది కొత్తగా ఉంది.

పద్మజక్క 4ను తెర మీద పెద్దది చేసి చాలాసేపు చూసింది. వాళ్ల నాయన మీసాలు చూసి నవ్వింది. 36 చూసినాక లెన్సుకు మూత పెట్టి, "అవ్వకు మెల్లగా చెప్పు" అన్నది.

నీ
శిల్ప


గిద్దలూరు,
19 ఆగస్టు 2024

నా తల్లీ శిల్పా,

ఆల్బమ్ నేనే అంటించాను.

ముఖ్య అతిథి ముందు, తర్వాత ఉపాధ్యాయులు, తర్వాత అటెండరు, చివర పిల్లలు. ఏ బడి ఆల్బమ్ అయినా అంతే, ఎవరి హోదా ప్రకారం వాళ్లకు పేజీ. మైదా ఉడికించి, స్కేలు పెట్టి గీత గీసి, నేనే అంటించాను. తర్వాత అదే ఆల్బమ్ తెరిచి, అది ఆ రోజు జరిగిన వరుస అన్నట్టు అధికారికి వేలు పెట్టి చూపించాను. నేను పేర్చిన మర్యాదను నేనే సాక్ష్యం చేసుకున్నాను. ఒక పాఠం తలకిందులుగా చెప్పిన టీచర్లను ఎందరినో మందలించాను నేను.

ఆ ఫోటోలో ఏడుకొండలు చుట్టూ ఉన్నది కత్తిరించి ఇచ్చింది మీ తాత. ఆ సంగతి కూడా రాత్రింబవళ్లు ఆలోచించాను. అటెండరు ఫోటో చిన్నదిగా చాలు, పేజీలో చోటు లేదు అని నేనే అన్నానని గుర్తొచ్చింది. కాబట్టి ఆ కత్తెర కూడా నాదే.

36 చూశాను. హంసల పరదా ముందు ముక్కాలి పీట, పీట మీద కప్పు. నాటకానికి బల్ల జరిపేటప్పుడు ఎక్కడైనా పడుతుందని తన సంచిలో పెట్టుకుని ఉంటారు. స్టూడియోకు తీసుకుపోయి ఫోటో తీసి, స్లైడు చేసి, సినిమాహాల్లో తెర మీద నా పేరు వేయించి నాకు చూపించాలనుకున్నారు. నలభై ఆరేళ్లలో ఆ మనిషి నన్ను ఆశ్చర్యపరచాలనుకున్నది ఆ ఒక్కసారే. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "రాజ్యం, ఆ కప్పు సంగతి..." అని మొదలుపెట్టారు. నాకు ఇప్పుడు ఆ గ్లాసు కూడా గుర్తుంది, అంచు సొట్ట పడిన స్టీలు గ్లాసు. నేను ఏమన్నానో కూడా గుర్తుంది. "కప్పు సంగతి నువ్వు మాట్లాడకు. దొంగను పట్టినాను. మొదటి బస్సుకే పై ఆఫీసుకు కాయితం పంపినాను. నేను ఒకసారి రాస్తే కొట్టివేత ఉండదు."

ఆయన ఎడమచేత్తో చెవి గోక్కున్నారు. కాఫీ తాగి వెళ్లిపోయారు.

నా నోటికి భయపడ్డారు. నా పరువు పోతుందని కూడా భయపడి ఉంటారు, అది కూడా నా నోటి పుణ్యమే. అలాగని ఆయన్ను వదిలిపెట్టను. ఆ రోజు కాకపోతే మర్నాడు చెప్పొచ్చు, ఆ నెల్లో చెప్పొచ్చు, అతన్ని తీసేసిన రోజున చెప్పొచ్చు. చెప్పలేదు. పిలవని పెళ్లికి పోయి ఫోటో తీసి, అన్నం తినకుండా వచ్చారు. అది పశ్చాత్తాపమే గాని న్యాయం కాదు. ఏడుకొండలు గేటు బయట నిలబడ్డ రోజులకు మేమిద్దరం బాధ్యులం. ఇందులో నా వాటాయే పెద్దది, ఎందుకంటే అతను "అంజయ్య సారును అడగండి" అన్నప్పుడు, ఇంటికి పోయి ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. ఊరందరినీ అనుమానించినదాన్ని. ఇంట్లో మనిషిని మాత్రం తప్పు ప్రశ్నలే అడిగాను.

నీ జాబు వచ్చిన రోజే స్టూడియో సామాన్ల ట్రంకుపెట్టె తెరిపించాను. మీ అమ్మ మూత పట్టుకుంది, నేను ఒక్కొక్కటీ తీశాను. అడుగున పాత నిలువు కెమెరాకు తల మీద కప్పుకునే నల్లగుడ్డ. అందులో ఉంది. నల్లబడిపోయింది, మార్కాపురం పలక మాదిరి. మీ అమ్మ చింతపండు పెట్టి తోమబోయింది. "వద్దు ఉషా, అతను చూసేదాకా ఇట్లనే ఉండనీ" అన్నాను. చింతపండు పక్కన పెట్టి నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ రోజు ఉప్మా గురించి అన్న మాట కూడా అక్కడే వెనక్కు తీసుకున్నాను.

నేను అర్ధవీడు పోతున్నాను. మీ నాయన కారు మాట్లాడతానన్నాడు. వచ్చే ఆదివారం పొద్దున. రెండు కాగితాలు రాశాను. ఒకటి పై ఆఫీసుకు: 1984లో నేను ఇచ్చిన ఫిర్యాదు తప్పు, కప్పు నా ఇంట్లోనే ఉండింది, ఏడుకొండలు నిర్దోషి అని, తేదీ వేసి, సంతకం పెట్టి. వాళ్లు దాన్ని ఏం చేసుకుంటారో నాకు తెలియదు. రెండోది ఏడుకొండలుకు. అది అతని ముందు నిలబడి చదువుతాను. నోటితో చెప్పబోతే నా నోరు నన్ను కాపాడటానికి చూస్తుంది, దాని సంగతి నాకు తెలుసు. అందుకే రాసి తీసుకుపోతున్నా. అందులో మూడు కొట్టివేతలు ఉన్నాయి. శుద్ధప్రతి రాయలేదు.

క్షమిస్తాడా అని అడగకు. అది అతని ఇష్టం. తలుపు వేస్తే గేటు బయట నిలబడతాను. అక్కడ ఎండ ఎట్లా ఉంటుందో నాకు కూడా తెలియాలి.

పద్మజను నేను అడగమన్నానని చెప్పు: ఆ రోజు ఆమె కూడా రాగలదేమో. రాలేకపోతే తప్పేం లేదు. ఆమె సంచి గురించి నేను అన్న మాట చెప్పకు, చెప్పి ఉంటే ఆమెకు నేనే సర్దిచెప్పుకుంటాను.

ఇప్పుడు నీ పని. 4 నంబరు బొమ్మ ఒక్కటే ఇంకో రెండు అచ్చులు వేయించు. పెద్దవిగా, అంచులతో, అంకె కనబడేటట్టు, ఏమీ కత్తిరించకుండా. మెరిసే కాగితం వద్దు, ముసలికళ్లకు వెలుగు కొడుతుంది. రెండు అట్టల మధ్య పెట్టి, శుక్రవారం సాయంత్రం బస్సుకు వేసి, రసీదు నంబరు మీ అమ్మ ఫోనుకు పంపు. శనివారం పొద్దున నేనే బస్టాండుకు పోయి తీసుకుంటాను. ఒకటి ఏడుకొండలుకు. ఒకటి నా ఆల్బమ్‌లో మొదటి పేజీకి. స్లైడు నీ దగ్గరే ఉంచు, నాకు పంపకు.

అట్లనే పద్మజను ఇంకొకటి కనుక్కో. వాళ్ల నాయనకు షుగరు ఉందా లేదా? ఉంటే బత్తాయిలు తీసుకుపోతాను, లేకపోతే కోవా. శుక్రవారం లోపల రాయి, ఈసారికి ఫోను చేసినా పరవాలేదు.

అవ్వ